కథ చెప్పేవాడే అబద్ధమాడితే...

పోయిన చలికాలంలో ఒక శుక్రవారం రాత్రి. మా గదిలో ఆరుగురం. ఇద్దరిది జగిత్యాల వైపు, ఇద్దరిది రాజంపేట, ఒకాయనది కోనసీమ, ఆరోవాణ్ణి నేను. కువైట్‌లో శుక్రవారమంటే ఏముంటుంది చెప్పండి... పొద్దున బట్టలు ఉతుక్కోవడం, మధ్యాహ్నం కోడికూర, సాయంత్రం ఇంటికి ఫోను, రాత్రి ఒక సినిమా. ఆ రాత్రి పెట్టింది ‘ఎవరు’. 2019లో వచ్చిన అడివి శేష్, రెజీనా సినిమా.

(ఒక మాట ముందే చెప్పేస్తున్నా. ముగింపులు చెప్పకుండా ఈ సినిమాల గురించి రాయడం కుదరదు. చూడనివాళ్ళుంటే చూసొచ్చి చదవండి, నేనేమీ అనుకోను.)

అందులో సమీర అనే ఆమె ఒక పోలీసు అధికారిని కాల్చి చంపిన కేసులో ఇరుక్కుంటుంది. అతను నా మీద అత్యాచారం చేశాడు, ప్రాణం కాపాడుకోవడానికే కాల్చాను అంటుంది. తెరమీద మనకు చూపించేదీ అదే. పాపం అనుకుంటాం. తర్వాత ఆమె మాట మారుస్తుంది. మాట మారినప్పుడల్లా తెరమీద బొమ్మ కూడా మారుతుంది. ఆఖరికి చూస్తే ఆమె మొదట చెప్పిందంతా కట్టుకథ. ఆమెకు సాయం చేస్తానని వచ్చినవాడు కూడా తాను చెప్పుకున్న మనిషి కాడు. గదిలో అందరూ ‘అబ్బా!’ అన్నారు. మంచి సినిమానే, కాదనను.

సరిగ్గా అప్పుడే రాజంపేట అన్నకు ఫోను వచ్చింది. వాళ్ళ ఊరి అమ్మాయి. ఇక్కడే ఒక ఇంట్లో పనికి కుదిరింది. స్పీకరు పెట్టి మాట్లాడాడు కాబట్టి మేమూ విన్నాం. "అన్నా, నాలుగు నెల్ల జీతం ఇయ్యలేదన్నా. ఫోను కూడా గుంజుకుంటాండారు. రాత్రి ఒంటిగంట దాకా పనేనన్నా..." అని ఏడుస్తోంది. అన్న ఏదో సర్దిచెప్పి పెట్టేశాడు. మావైపు తిరిగి, "ఏజెంటును అడిగితే అట్లాంటిదేమీ లేదన్నాడబ్బా. పని చేతగాక నాటకాలాడతాందంట" అన్నాడు. జగిత్యాల తమ్ముడు వెంటనే అందుకున్నాడు. "గిప్పుడే సూస్తిమి గదన్నా! ఏడ్సుకుంట సెప్పిందంత అబద్ధమే గద!"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. ఈ నాలుగు ముక్కలూ అందుకే రాస్తున్నాను.

ఈ రకం కథలకు ఇంగ్లీషు వాళ్ళు ఒక పేరు పెట్టుకున్నారు. వేన్ బూత్ అనే అమెరికన్ విమర్శకుడు 1961లో రాసిన ఒక పుస్తకంలో వాడిన మాట అది. మన భాషలో చెప్పుకోవాలంటే ‘నమ్మలేని కథకుడు’. అంటే దొంగ అబద్ధమాడటం కాదు, కథ చెబుతున్నవాడే మనతో అబద్ధమాడటం. లేదా వాడికే నిజం తెలియకపోవడం. మన చిన్నప్పుడు కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదివాం. అందులో హంతకుడు అబద్ధమాడతాడు, సాక్షి అబద్ధమాడతాడు. కానీ రచయిత మాత్రం మన భుజం మీద చెయ్యివేసి యుగంధర్ వెనకాలే నడిపించుకుపోతాడు. ఆ చెయ్యి మీద మనకు అనుమానం ఉండదు.

ఆ చెయ్యినే అనుమానించాల్సి వస్తే? అగాథా క్రిస్టీ 1926లో ఆ పనే చేసింది. రోజర్ ఆక్రాయిడ్ హత్య నవలలో కథంతా ఊరి డాక్టరు చెబుతుంటాడు. నెమ్మదస్తుడు, డిటెక్టివు పక్కనే తిరుగుతుంటాడు. చివరికి తేలేదేమిటంటే హత్య చేసింది ఆ డాక్టరే. ఇది అన్యాయం, పాఠకుణ్ణి మోసం చేయడం అని అప్పట్లో కొందరు మండిపడ్డారు. కానీ వెనక్కి వెళ్ళి చదివితే అతను పెద్దగా అబద్ధమేమీ ఆడలేదు. చెప్పాల్సినచోట ఒక పది నిమిషాలు దాటేశాడు, అంతే.

జపాన్‌లో కురొసావా 1950లో తీసిన ‘రషోమాన్’ ఇంకో దారి. అడవిలో ఒక చావు. దొంగ ఒకలా చెబుతాడు, భార్య ఒకలా చెబుతుంది, చచ్చినవాడి ఆత్మ పూనకంలో వచ్చి మరోలా చెబుతుంది. ఆఖరికి కట్టెలు కొట్టేవాడు చెప్పిన దాంట్లో కూడా లొసుగే. మన పక్కనే మద్రాసులో ఎస్. బాలచందర్ 1954లో శివాజీ గణేశన్‌తో ‘అంద నాళ్’ తీశాడు. ఒక్క పాట లేదు. ఒకే హత్య, తలా ఒక కథ. అంటే ఇది ఇవాళ ఓటీటీలో పుట్టిన విద్య కాదన్నమాట.

ఇక్కడ నాకు మన బుర్రకథ గుర్తొస్తుంది. కథకుడు తంబురా పట్టుకుని కథ చెబుతాడు. పక్కన ఇద్దరు వంతలుంటారు. తందాన తాన అనడమే వాళ్ళ పని అనుకుంటాం గానీ, అసలు పని ఇంకొకటుంది. మధ్యలో ఆపి, "ఆగాగు! అదెలా జరిగింది? నువ్వు చూశావా?" అని అడగాలి. ఆ ప్రశ్న వల్లే కథ నిలబడుతుంది. ఈ థ్రిల్లర్లలో వంతలుండరు. ఆ పని చూసేవాడే చేసుకోవాలి. ఈ రకం కథలంటే నాకిష్టం కూడా అందుకే. గంటల తరబడి కూర్చోబెట్టి, అడగడం నేర్పుతాయి.

నా పేచీ ఎక్కడంటే, మనం సగం పాఠమే నేర్చుకుని లేస్తున్నాం. ‘ఎవరినీ నమ్మకూడదు’ అనేది సగం పాఠం. మరి రెండో సగం? నిజం చెబుతున్నా ఎవరూ నమ్మని మనిషి కథ అది.

తర్వాతి శుక్రవారం నేనే పట్టుబట్టి ‘క్షణం’ పెట్టించాను. 2016 నాటి సినిమా, దర్శకుడు రవికాంత్ పేరేపు. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న మనిషికి ఒకప్పుడు ప్రేమించిన అమ్మాయి ఫోను చేస్తుంది. నా కూతుర్ని ఎత్తుకుపోయారు, వచ్చి సాయం చెయ్యి అంటుంది. అతను వస్తాడు. ఇక్కడ చూస్తే పోలీసులు కేసు మూసేశారు. కట్టుకున్న భర్తే మాకు అసలు కూతురే లేదు, దెబ్బ తగిలినప్పటి నుంచి ఆమెకు అలా అనిపిస్తోంది అంటాడు. అతను కూడా చివరికి అందరి మాటే నిజమనుకుంటాడు. నమ్మిన ఒక్కడూ చెయ్యి వదిలేశాక ఆమె ప్రాణం తీసుకుంటుంది. ఆ తర్వాత తెలుస్తుంది... పాప ఉంది. ఆమె చెప్పింది నిజం.

గదిలో ఈసారి ఎవరూ ‘అబ్బా’ అనలేదు. రాజంపేట అన్న లేచి బయటికెళ్ళి నిలబడ్డాడు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 2014లో వచ్చిన మహేశ్‌బాబు ‘1 నేనొక్కడినే’ చూడండి. హీరోకి లేనివి కనబడతాయి. ఒకణ్ణి చంపానని పోలీసుల దగ్గరికి వెళ్తే, అక్కడ ఎవరూ లేరు, నువ్వొక్కడివే కొట్టుకున్నావు అని వీడియో చూపిస్తారు. నీకు తల్లిదండ్రులే లేరు, అంతా నీ భ్రమ అంటారు. కానీ అతని జ్ఞాపకంలో ఉన్న అమ్మానాన్నలు భ్రమ కాదు. పౌలా హాకిన్స్ 2015లో రాసిన రైలులో అమ్మాయి కథ కూడా అంతే. ఆమె తాగుబోతు, రాత్రి ఏం జరిగిందో పొద్దునకు గుర్తుండదు. నువ్విలా చేశావు, అలా చేశావు అని మాజీ భర్త చెప్పినవన్నీ నమ్మి తనను తానే అసహ్యించుకుంటుంది. చివరికి తేలేదేమిటి? ఆమె జ్ఞాపకం చెడ్డది కాదు, దాన్ని నింపినవాడు చెడ్డవాడు. ఇంకా వెనక్కి వెళితే 1938లో ప్యాట్రిక్ హామిల్టన్ రాసిన ‘గ్యాస్ లైట్’ నాటకం. దీపం తగ్గుతోంది అని భార్య అంటే, లేదు, నీకే మతి చెడింది అంటాడు భర్త. దీపం నిజంగానే తగ్గుతోంది. ఎదుటి మనిషి తన మతినే తాను అనుమానించుకునేలా చేసే మోసానికి ఇవాళ వాడే ఇంగ్లీషు మాట ఆ నాటకం పేరు మీదే పుట్టింది.

ఇప్పుడు చెప్పండి, మన క్యాంపుల్లో, మన గదుల్లో మనకు ఎక్కువగా ఎదురయ్యేది ఏ కథ? సమీర కథా, ‘క్షణం’లో ఆ తల్లి కథా?

పనిలోకి దిగిన ఇంట్లో తిండి పెట్టడం లేదని ఒక చెల్లెలు ఏడిస్తే ‘నాటకం’ అంటాం. రాత్రుళ్ళు నిద్రపట్టక మంచం మీద కూర్చుని గోడ చూస్తున్న తమ్ముడికి ‘ఇంటికి పోవాలని ఎత్తులు’ అంటాం. మనసుకు జబ్బు చేసిందంటే చాలు, ఇక వాడి మాటకు విలువ లేదు. ఈ థ్రిల్లర్లు తీసేవాళ్ళ మీద కూడా నాకు ఆ కోపం కొంత ఉంది. మలుపు కావాలి కాబట్టి జబ్బును ఒక తాళంచెవిలా వాడుకుంటారు. ‘ఓహో, వాడికి పిచ్చి, అందుకే ఇదంతా’ అని కథ ముగిస్తారు. జబ్బు ఉన్నవాడు కూడా నిజం చెప్పగలడు. కన్నీళ్ళు పెట్టుకున్నంత మాత్రాన అబద్ధమూ కాదు, నిజమూ కాదు. అడిగి తెలుసుకోవాలి.

ఇంకో సంగతి కూడా ఒప్పుకుందాం. నమ్మలేని కథకులు సినిమాల్లోనే లేరు. మనమే ఉన్నాం! "బాగున్నానమ్మా, తిన్నానమ్మా, ఏసీ గదేనమ్మా" అని ఫోనులో చెప్పే కథ ఎవరిది? చెయ్యి విరిగి కట్టు కట్టించుకున్న రోజున కూడా వీడియో కాల్లో మొహం మాత్రమే చూపించి నవ్వినవాళ్ళు మనలో ఎంతమంది లేరు? క్రిస్టీ గారి డాక్టరు పది నిమిషాలు దాటేస్తే మనం రెండేళ్ళు దాటేస్తున్నాం. అమ్మ బాధపడుతుందని దాస్తాం, అది ప్రేమే. కాదనను. కానీ సెలవుకు వెళ్ళినప్పుడు అత్తరు పూసుకుని, టీ కొట్టు దగ్గర అదే కథ చెబుతాం. అది విన్న పక్కింటి కుర్రాడు ఎకరం అమ్మి ఏజెంటు చేతిలో పెడతాడు. ఇక్కడికొచ్చాక వాడికి నిజం తెలుస్తుంది. అప్పు ఉంది కాబట్టి వాడూ ఇంటికి ఫోను చేసి ‘బాగున్నాను’ అనే అంటాడు. అలా ఒకరి కథ ఇంకొకరికి అంటుకుంటూ పోతుంది. ఇందులో దుర్మార్గుడెవడూ లేడు. అయినా ఎకరం పోయింది.

మరేం చెయ్యాలి? వంత పని చెయ్యాలి. తందాన అనడం మానేసి అడ్డు ప్రశ్న వెయ్యాలి. ఆ ప్రశ్న ఏడ్చేవాళ్ళనే కాదు, నవ్వుతూ చెప్పేవాళ్ళను కూడా అడగాలి. మా గదిలో మేం చేసిన తప్పు ఆ అమ్మాయిని అనుమానించడం ఒక్కటే కాదు, ఏజెంటును అనుమానించకపోవడం. ఆమె అబద్ధమాడితే ఆమెకొచ్చేదేముంది? తిరుగు టిక్కెట్టు, నెత్తిన అప్పు. ఏజెంటు అబద్ధమాడితే? వాడి కమీషను వాడికి మిగులుతుంది. అబద్ధం వల్ల ఎవరికి లాభం అని డిటెక్టివు మొదట చూసేది ఇదేగా!

ఆ రెండో శుక్రవారం రాత్రే అన్న ఆమెకు ఫోను చేశాడు. ఈసారి ఊరుకోమనలేదు, ప్రశ్నలడిగాడు. ఏ నెల నుంచి జీతం ఆగింది, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది, పొద్దున ఎన్నింటికి లేస్తావు, ఎన్నింటికి పడుకుంటావు అని అడిగి కాగితం మీద రాసుకున్నాడు. కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటి పనివాళ్ళ చేత రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవివ్వాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. ఆమె చెప్పినవి ఒక్కొక్కటే పక్కన పెట్టి చూస్తే అది ఏడుపు కాదు, ఫిర్యాదు అని తేలింది. ఊళ్ళో వాళ్ళ అన్నతో 2015 నుంచి ఉన్న మదద్ పోర్టల్లో అర్జీ పెట్టించాడు. ఇక్కడ రాయబార కార్యాలయానికి మేమిద్దరం వెళ్ళాం.

రెండు నెలలు పట్టింది. నాలుగు నెలల జీతంలో రెండు నెలలదే చేతికొచ్చింది. ఆమె ఇంటికి చేరింది. ఇది సినిమా కాదు కాబట్టి చివర్లో ఎవరికీ శిక్ష పడలేదు. ఆ ఏజెంటు ఇంకా మనుషుల్ని పంపుతూనే ఉన్నాడు. జగిత్యాల తమ్ముడు మాత్రం విమానమెక్కే రోజు తన వంతుగా ఇరవై దినార్లు ఆమెకిచ్చాడు. ఏమీ అనలేదు, మేమూ అడగలేదు.

ఈ శుక్రవారం మీరూ ఏదో ఒక థ్రిల్లరు చూస్తారు. చూడండి, బాగుంటాయి. మలుపు దగ్గర చప్పట్లు కొట్టండి. కానీ సినిమా అయ్యాక ఫోను మోగితే, అవతల ఎవరైనా ఏడుస్తుంటే, సినిమాలో నేర్చుకున్న అనుమానంతో పెట్టేయకండి. సినిమాలో నేర్చుకున్న ప్రశ్నలతో వినండి. ఆ తర్వాత ఇంటికి మీరు చేసే ఫోనులో కూడా, మొత్తం కాకపోయినా, ఒక్క మాటైనా నిజం చెప్పి చూడండి. అమ్మ తట్టుకుంటుంది. మనకంటే గట్టి మనిషి ఆమె.