నేలకు ఆకలేస్తే...

మార్కాపురం అనగానే పలకలు గుర్తొస్తాయి. అక్కడా, గిద్దలూరు వైపూ ఎర్రనేలల రైతుకు కావాల్సిన నలుపు మాత్రం వేరే... అదే హ్యూమస్! ఆకులూ పేడా చివికితే తయారయ్యే ఈ పదార్థం తేమనీ పోషకాలనీ పట్టి ఉంచుతుంది.

మరి దుకాణాల్లో అమ్మే హ్యూమిక్ యాసిడ్ సంగతి? అది చాలావరకూ లిగ్నైట్ లాంటి బొగ్గు నుంచి క్షారంతో తీసేదే. వేళ్లు సాగడానికి కొంత సాయపడొచ్చు. ఫలితం నేలని బట్టి మారుతుంది. మట్టిలోని సూక్ష్మజీవులకు మాత్రం అది కడుపు నింపే తిండి కాదు. యుగాల నాటి ఆ కర్బనాన్ని అవి తేలిగ్గా అరిగించుకోలేవు. వాటికి కావాల్సింది పేడ, ఆకులు, పంట మోళ్లు.

చేలో గొర్రెల మంద కట్టించినా, జనుము వేసి పూతకొచ్చాక కలియదున్నినా వాటికి విందే. వానే ఆధారమైన సేద్యంలో ప్రతి రూపాయీ లెక్కే కదా... సీసా కొనేముందు పెంటదిబ్బ వైపు ఓసారి చూడాల్సిందే!