కార్డు అప్పుకు తల ఎందుకు దించుకోవాలి?

మొన్నామధ్య మా బడి ఆఫీసు గదిలో హెడ్మాస్టరుగారి ఫోను మోగింది. ఆయన కాసేపు విని, మా వంక చూసి, స్పీకరు పెట్టారు. అవతలి మనిషి మా పల్లె కుర్రాడి పేరు చెప్పి, "మీ బడిలో మేష్టారి పేరు రాసిచ్చాడు సార్, కార్డు డబ్బు కట్టకుండా తప్పించుకు తిరుగుతున్నాడు, దొంగ నాయాలు" అన్నాడు. గదిలో ఆరుగురు టీచర్లం ఉన్నాం. ఒకాయన చాక్‌పీసు వేళ్ళ మధ్య తిప్పుకుంటూ "ఎంత చదువుకున్నా అంతేనండీ" అన్నాడు.

ఎవరు అంతే? చదువుకున్నవాళ్ళా, అప్పు చేసినవాళ్ళా, పల్లెలో పుట్టినవాళ్ళా? ఆయన చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఆ గదిలోనే ఇద్దరికి చీటీపాట బాకీలున్నాయి, ఒకాయన ఇంటి లోను మూడు నెలలుగా కట్టలేదు. అది వాళ్ళకొచ్చిన ఇబ్బంది. అదే మనోడు చేస్తే కులబుద్ధి!

ఆ కుర్రాడు చేసిన నేరమేమిటో చెప్తాం. ఆ ఇంట్లో నెల జీతం మొహం చూసిన మొదటివాడు వాడే. హైదరాబాదులో ప్రైవేటు కంపెనీ, చేతికొచ్చేది 24,000. జీతం ఖాతా తెరిచిన నెలకే బ్యాంకువాళ్ళు పిలిచి కార్డిచ్చారు. జీవితకాలం ఉచితం అన్నారు. తండ్రికి కడుపు ఆపరేషనైతే ఆస్పత్రిలో ఆ కార్డే గీశాడు. చెల్లెలి కాలేజీ ఫీజుకీ అదే. పైకులాల పిల్లాడికి ఇట్టాంటి కష్టమొస్తే వెనకాల ఎకరం పొలమో, మేనమామో, తాత కట్టిన ఇల్లో ఉంటుంది. మన పిల్లాడికి వెనకాల ఎవరూ ఉండరు. వాడే అందరికీ వెనకాల. ఇంటిల్లిపాదికీ వాడే బ్యాంకు. ఆ బ్యాంకుకు ఇంకో బ్యాంకు అప్పిచ్చింది, నున్నటి కార్డు రూపంలో.

ఎంత వడ్డీకిచ్చింది? పల్లె లెక్కలో చెప్పుకుందాం. వడ్డీ అంటే మనకు నూటికి నెలకు ఇన్ని రూపాయలని. పొదుపు సంఘానికి బ్యాంకిచ్చే అప్పు రూపాయి లోపు వడ్డీ. షావుకారు రెండు రూపాయలకో మూడు రూపాయలకో ఇస్తాడు. మూడు రూపాయలంటే "రక్తం తాగుతున్నాడు" అంటాం. కార్డు మీద చాలా బ్యాంకులు వేసేది మూడున్నర రూపాయల దరిదాపుల్లో ఉంటుంది. ఆ వడ్డీ మీద సర్కారు 18 శాతం జీఎస్టీ వేస్తుంది. కలిపితే నాలుగు రూపాయలు దాటింది. ఏసీ గదిలో టై కట్టుకుని ఇస్తున్నాడు గనక ఇది మనకు వడ్డీ వ్యాపారంలా కనపడదు.

బిల్లులో "కనీస చెల్లింపు" అని ఒక చిన్న అంకె ఉంటుంది. కిటుకంతా అక్కడే ఉంది. బాకీ 40,000 అనుకోండి. నూటికి ఐదు చొప్పున 2,000 కడితే చాలు, లేటు ఫీజు పడదంటాడు. కుర్రాడు హమ్మయ్య అనుకుంటాడు. అందులో వడ్డీకి 1,400, జీఎస్టీకి 252 పోతాయి. అసలులో తగ్గేది 348. పైగా బిల్లు మొత్తం కట్టని నెల నుంచి, కొత్తగా కొన్నవాటికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు. ఏటీఎంలో ఆ కార్డుతో నగదు తీస్తే తీసిన రోజే వడ్డీ, దానికి వేరే ఫీజు. ఒక్క నెల కనీసం కూడా కట్టలేదనుకోండి, లేటు ఫీజు వెయ్యనుకుంటే జీఎస్టీతో 1,180.

మా తాతలు తొలకరికి బస్తా నాగు తెచ్చుకుని పంటకు బస్తాన్నర కొలిచినవాళ్ళు. ఏడాదంతా కొలిచినా అసలు అలాగే ఉండేది, దాని కింద కొడుకుని పాలేరుగా పెట్టేవాళ్ళు. ఆ వెట్టిని 1976లో చట్టం రద్దు చేసింది. ఇప్పుడు కుర్రాణ్ణి ఎవరూ గొడ్లచావిట్లో కట్టెయ్యరు, నిజమే. రెండూ ఒకటేనని మేమనం. కానీ నెలనెలా 2,000 కడుతూ 348 తగ్గించుకునే వాడికి ఆ కొలత కొత్తేమీ కాదు.

ఈ రాసే మేం కూడా తెలివిగలవాళ్ళం కాదు. ఇల్లు స్లాబు వేసిన ఏడు కార్డు గీకి, రెండేళ్ళు కనీసమే కట్టాం. లెక్కల మేష్టారై ఉండి! బిల్లు విప్పాలంటే భయం. అసలు విప్పేవాళ్ళం కాదు. భయం కంటే సిగ్గు ఎక్కువ. పల్లెలో తెలిస్తే "సారుకే దిక్కులేదు" అంటారని. ఆ సిగ్గుతో మాకు ఎన్ని వేలు పోయాయో తర్వాత కూర్చుని లెక్కేశాం, ఇక్కడ రాయం.

వసూలు చేసేవాడి చేతిలో ఆయుధం ఈ సిగ్గే. చట్టం వాడి చేతిలో మనమనుకున్నంత లేదు. కార్డు బాకీ కట్టలేకపోవడం సివిలు వ్యవహారం, జైలు కేసు కాదు. "పోలీసుల్ని పంపిస్తాం" అనేది ఉత్త బెదిరింపు. బ్యాంకు కోర్టుకెళ్ళి డిక్రీ తెచ్చుకున్నా, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం కట్టుబట్టలు, వంటసామాను, పరుపులు, చేతివృత్తి పనిముట్లు జప్తు చెయ్యకూడదు. జీతంలో మొదటి వెయ్యీ, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులూ ముట్టుకోకూడదు. అంటే 24,000 జీతగాడి దగ్గర నెలకు 7,667కు మించి పట్టుకోలేరు, అదీ కోర్టు ద్వారానే. ఒక్క జాగ్రత్త: చెక్కులు రాసిచ్చి అవి బౌన్సయితే అది వేరే కథ, కేసు అవుతుంది. ఖాతాలోంచి దానంతటదే డబ్బు తీసుకునే ఆదేశం ఇచ్చి, అది తప్పినా అంతే. ఏజెంటు అడిగాడని ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టొద్దు. జీతం ఖాతా, కార్డు ఒకే బ్యాంకులో ఉంటే ఆ ఖాతాలోంచే మినహాయించుకునే షరతు ఒప్పందంలో ఉండొచ్చు. చూసుకోండి.

ఉదయం 8 లోపు, రాత్రి 7 దాటాక వసూలు ఫోన్లు చెయ్యకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశమిచ్చింది. బంధువుల్నీ స్నేహితుల్నీ వేధించడం, పదిమందిలో పరువు తియ్యడం కూడా నిషేధమే. మా హెడ్మాస్టరుకు ఫోను చెయ్యడం ఇందులోకే వస్తుంది. మనోడు కాని ఏజెంటు ఎవడైనా పదిమంది ముందు కులం పేరెత్తి తిడితే 1989 అట్రాసిటీ చట్టం ఉండనే ఉంది. అడగకుండా కార్డు అంటగట్టకూడదు. బాకీ తీర్చి కార్డు మూసెయ్యమంటే ఏడు పనిదినాల్లో మూసెయ్యాలి, లేకపోతే రోజుకు 500 మనకే ఇవ్వాలి. బ్యాంకుకు రాసిన ఫిర్యాదుకు ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పెట్టుకోవచ్చు. పైసా ఖర్చులేదు. 14448కి ఫోను చేస్తే దారి చెప్తారు.

ఈ హక్కులు ఊరికే రాలేదు. 2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్సు కంతుల వేధింపులకు ఆడవాళ్ళు ఉరేసుకుంటే, అప్పుడు గదా ఆ అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చింది! ఇంటి గడప తొక్కొద్దు, పంచాయతీ ఆఫీసు దగ్గరే వసూలు చేసుకోమంది. ఆ తర్వాత చేసిన చట్టం రిజర్వు బ్యాంకు కింద నమోదైన ఫైనాన్సు కంపెనీలకు వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. కార్డు వడ్డీ సంగతి చూడండి. ఏడాదికి 30 శాతం దాటితే అన్యాయమని వినియోగదారుల జాతీయ కమిషను 2008లో అంటే, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. షావుకారి వడ్డీకి హద్దు పెట్టే చట్టాలున్నాయి, బ్యాంకు కార్డు వడ్డీకి హద్దు లేదు. దీని మీద మన నాయకులు ఒక్కరూ నోరిప్పరేం? రుణమాఫీ సభల్లో పొలమున్న రైతు మాట వినపడుతుంది. పొలం లేనోడి కొడుకు చేసిన అప్పు ఏ పార్టీ లెక్కలోకీ రాదు.

అప్పు ఎగ్గొట్టమని మేం చెప్పడం లేదు. తీసుకున్నది కట్టాలి. కానీ తెలివిగా కట్టాలి. ముందు ఆ కార్డు గియ్యడం ఆపాలి. ఇంట్లో చెప్పాలి, అమ్మకైనా. ఒక కార్డు బాకీ ఇంకో కార్డుతో తీర్చడం, కార్డు గీకి నగదిచ్చే కొట్లలో నూటికి రెండో మూడో కోయించుకోవడం, ఫోనులో అప్పిచ్చే యాప్‌ల జోలికి పోవడం, ఇవన్నీ గోతిలోంచి నూతిలోకి. బ్యాంకులో బంగారం కుదువపెట్టో, సంఘం అప్పు తెచ్చో నాలుగు రూపాయల వడ్డీని రూపాయి వడ్డీకి మార్చుకోవచ్చు. అదీ లేకపోతే బ్యాంకుకే కాగితం రాసి, బాకీని తక్కువ వడ్డీ కంతులుగా మార్చమని అడగాలి. సగానికి సెటిల్ చేస్తామని ఏజెంటు నోటిమాట చెప్తే నమ్మొద్దు. బ్యాంకు లెటరు చేతికొచ్చాకే డబ్బు, అదీ బ్యాంకు ఖాతాకే. అలా సెటిలైతే సిబిల్‌లో మచ్చ పడి తర్వాత అప్పు పుట్టడం కష్టమని కూడా తెలుసుకునే ఒప్పుకోండి.

ఆ ఏజెంటు రెండోసారి నేరుగా మాకే చేశాడు, రాత్రి 9 గంటలకు. పేరూ, ఏజెన్సీ పేరూ అడిగాం. టైము రాసుకుంటున్నామన్నాం. గొంతు తగ్గింది. మాటల్లో తేలింది, వాడూ పక్క మండలం పల్లె కుర్రాడే, డిగ్రీ పాసయ్యాడు, వసూలైనదాని మీద కమీషను. "టార్గెట్టు మేష్టారూ, ఏం చెయ్యమంటారు" అన్నాడు. మాకు జవాబు దొరకలేదు. మన పిల్లల చేత మన పిల్లల్ని తిట్టించడం ఎంత సులువైపోయిందో అనుకున్నాం.

మా కుర్రాడి బాకీ కంతులు చేయించాం. బ్యాంకు మొదటి కాగితానికి జవాబివ్వలేదు, రెండోదానికి ఇచ్చింది. ఇంకా ఏడాదిన్నర కట్టాలి.

ఇట్టాంటి బిల్లులు ట్రంకుపెట్టెల్లో దాచుకున్నవాళ్ళు పల్లెలో ఇంకా ఉన్నారని మాకు తెలుసు. ఆదివారాలు సాయంత్రం కమ్యూనిటీ హాల్లో కూర్చుంటున్నాం. కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయని ఆగొద్దు, చదివిపెడతాం. ఎవరి పేరూ బయటికి రాదు. మా పాత బిల్లు కూడా తెస్తాం, ముందు దాన్నే చూద్దాం.