పొలము అమ్మకము – నేల సత్తువ

పత్రికలలో భూముల ప్రకటనలు నేడు కొత్త భాష నేర్చినవి. వెనుకటి ప్రకటన "కాలువ క్రింద రెండు పంటల మాగాణి అమ్మకమునకు కలదు" అని ఒక్క వాక్యముతో ముగిసెడిది. ఇప్పుడు ఆ వాక్యము చాలుట లేదు. నగరమునకు గంట ప్రయాణము, పదేండ్లుగా రసాయనము తగులని సేంద్రియ క్షేత్రము, మామిడి సపోటా చెట్లు, నాటు ఆవులు, పశువుల కొట్టము, బోరుబావి, చుట్టును కంచె, నడుమ చిన్న యిల్లు అని ఒక పట్టిక సాగును. కొందరు దీనికి 'ఫారం' అని పేరు పెట్టుదురు. మరికొందరు అమెరికా పశుపాలకుల మాటను అరువు తెచ్చుకొని 'రాంచ్' అందురు.

పేరుతో నాకు పేచీ లేదు. పట్టికతోనే నా విచారము. అందులో కంచెకు కొలత కలదు, బావికి లోతు కలదు, చెట్లకు లెక్క కలదు. ధరను పెంచు 'సేంద్రియము' అను మాటకు మాత్రము కొలత లేదు, సాక్ష్యము లేదు. ప్రకటనలో మెరసిన ఆ మాట విక్రయ దస్తావేజులోనికి వచ్చునప్పటికి రాలిపోవును. అక్కడ మిగులునవి సర్వే నంబరు, విస్తీర్ణము, నాలుగు హద్దులు, రొక్కము. నేలకు సత్తువ కూర్చినవాని పేరు అందుండదు. ఆ సత్తువను కాపాడవలసిన బాధ్యతయు అందుండదు. ఇది న్యాయమునకును, లాభమునకును కూడ విరుద్ధమని నా అభిప్రాయము.

మొదట మాటను పరిశీలింతము. 'సేంద్రియము' అనగా ఇంద్రియములతో కూడినది, అనగా జీవమున్నది. చాలమంది దీనిని 'మందు వేయనిది' అను అర్థమున వాడుచున్నారు. అట్లయిన పదేండ్లు బీడుపడిన తుమ్మల దిబ్బయు సేంద్రియ క్షేత్రమే కావలెను! ఆంగ్లమున ఈ విశేషణమును వ్యవసాయమునకు తగిలించిన లార్డ్ నార్త్‌బోర్న్ 1940లో వెలువడిన తన గ్రంథమున పొలమును ఒక నిండు జీవిగా భావించెను. ఆ యేడే వెలువడిన మరియొక గ్రంథమునకు కర్త ఆల్బర్ట్ హోవర్డ్. ఆయన 1924 నుండి 1931 వరకు ఇండోరులో పనిచేసి, చెత్తను పేడతో కలిపి మాగవేసి ఎరువు చేయు పద్ధతిని రూపొందించెను. ఈ యిద్దరి దృష్టిలోను సేంద్రియత యనునది మానివేయుట కాదు, కూర్చుట. మందు మానుటకు ఒక్క దినము చాలును. జీవము కూర్చుటకు ఏండ్లు పట్టును.

మన పూర్వులకు ఈ తెలివి లేకపోలేదు. విజయనగర కాలపు శాసనములలోను, పాత దానపత్రములలోను, క్రయపత్రములలోను భూమిని ఇచ్చునప్పుడు అష్టభోగములను పేర్కొనుట ఆచారము. నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షిణి, ఆగామి, సిద్ధము, సాధ్యము అనునవి ఆ యెనిమిది. కొన్ని పత్రములలో తరువులును చేరును. వీనిలో మొదటి నాలుగు కంటికి కనబడు వస్తువులు, లేక త్రవ్వినచో దొరకునవి. తక్కిన నాలుగు కాలమునకు సంబంధించినవి. అక్షిణి తరుగని ఫలము. ఆగామి ముందు రాగలది. సిద్ధము నేడు చేతికందుచున్నది. సాధ్యము శ్రమించి సాధింపదగినది. పొలమనగా నేటి పంట మాత్రమే కాదనియు, రేపటి శక్తి కూడ పొలములో భాగమేయనియు ఈ నాలుగు మాటలు చెప్పుచున్నవి. నేటి ప్రకటన సిద్ధమును మాత్రమే వర్ణించును: కాసిన మామిడి, కట్టిన ఇల్లు, తవ్విన బావి. అక్షిణికిని సాధ్యమునకును మూలమైన నేల సత్తువ వర్ణనకు చిక్కదు.

చిక్కకపోవుటకు అది మాయావస్తువు కాదు. దానికి కొలత కలదు. 2015లో దేశమంతట ప్రవేశపెట్టిన భూసార పరీక్షా పత్రములో 12 అంశములుండగా, వానిలో సేంద్రియ కర్బనము ఒకటి. అది 0.5 శాతమునకు తగ్గిన నేల పేదనేల, 0.75 శాతము దాటినది కలిగిన నేల. ఎకరము పొలములో పై ఆరు అంగుళముల మట్టి రమారమి 9 లక్షల కిలోలు తూగును. అందులో కర్బనము 0.4 శాతము నుండి 0.6 శాతమునకు పెరిగినదన్నచో, 1,800 కిలోల కర్బనము అదనముగా నిలిచినదని అర్థము. విద్యార్థులు ఈ లెక్కను తామే చేసి చూడవచ్చును. వేసిన ఎరువులోని కర్బనమంతయు నేలలో ఉండదు. అందు చాల భాగమును సూక్ష్మజీవులు ఆహారముగా గొని గాలిలోనికి విడుచును. కావున ఆ 1,800 కిలోల వెనుక ఎన్ని బండ్ల పెంట తోలవలెనో, ఎన్ని కార్లు జీలుగయు జనుమును చల్లి దున్నవలెనో, ఎన్ని రాత్రులు గొర్రెల మందను పొలములో నిలుపవలెనో, ఎన్ని వేసవులు చెరువుమట్టి మోయవలెనో ఊహింపవచ్చును.

మనుష్యులతోపాటు వానపాములును ఈ పనిలో కూలీలే. ఇంగ్లండులోని పెక్కు ప్రదేశములలో ఎకరము నేలలో ఏటేట 10 టన్నులకు మించిన మట్టి వానపాముల కడుపులగుండ పోవునని డార్విన్ 1881లో ప్రకటించిన తన గ్రంథమున లెక్కగట్టెను. ఈ కూలీలకు హాజరుపట్టీ లేదు. కాని వారిని నేలలో నిలుపుకొన్నవాడు ఒక మనుష్యుడు. ఆతని పేరైనను ఎక్కడనో ఒకచోట ఉండవలదా?

ఆతడు ఎవడు? స్వంత పొలము స్వయముగా చేసికొను రైతైనచో చిక్కు తక్కువ. తాను కూర్చిన సత్తువకు తానే యజమాని. కొనువాడు ఇచ్చిన ధరలో దానికి కొంత విలువ వచ్చినదని సరిపెట్టుకొనవచ్చును. కాని పెక్కుచోట్ల పట్టా ఒకరిది, నాగలి మరియొకరిది. యజమాని పట్టణమున ఉద్యోగమో వ్యాపారమో చేసికొనుచుండును. పెంట తోలినవాడు, జీలుగ దున్నినవాడు, పురుగును చేతితో ఏరినవాడు కౌలురైతు. పొలము అమ్ముడుపోయిన నాడు 'సేంద్రియ క్షేత్రము' అను మాటకు వచ్చిన హెచ్చుధర యజమానికి పోవును. కౌలురైతు గడ్డపార భుజమున వేసికొని మరియొక పేదనేలకు పోవును.

ఇందలి కష్టమంతయు కాలమున ఉన్నది. 2001 నుండి అమలులోనున్న జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమపు నియమముల ప్రకారము, మందులు మానిన నేల వెంటనే సేంద్రియము కాదు. సామాన్యముగా ఏడాది పంటలకు విత్తుటకు ముందు 2 సంవత్సరములు, మామిడివంటి తోటలకు ధ్రువపత్రముతో కోయు మొదటి కోతకు ముందు 3 సంవత్సరములు పరివర్తన కాలముగా గడవవలెను. ఇక కౌలుకాలమును చూడుడు. ఆంధ్రప్రదేశమున 2019లో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టము క్రింద ఒప్పందపు గడువు 11 నెలలు. పదునొకండు నెలల మనిషి మూడేండ్ల పని ఎట్లు తలపెట్టును? ఆంధ్ర ప్రాంతమునకు 1956లో చేసిన కౌలుదారీ చట్టము కౌలు కనీసము 6 సంవత్సరములుండవలెననినది. కాని ఆచరణలో నోటిమాట కౌళ్లే ప్రబలినవి. తెలంగాణమున 2018లో మొదలైన రైతుబంధు సాయము పట్టాదారునికే చెందినది గాని కౌలుదారునికి చెందలేదు. చట్టమునకు కనబడునది పాసుపుస్తకములోని పేరు. నేలకు తెలిసినది చేతిస్పర్శ. ఈ రెంటికిని నడుమ అగాధము ఏర్పడినది.

యజమానుల పక్షమున చెప్పవలసినదియు కలదు. భూమిని అమ్ముకొను హక్కు వారికున్నది. పెండ్లిండ్లు, చదువులు, వైద్యము, అప్పులు ఎవరిని విడుచును? అమ్ముట నేరము కాదు. కొనువారును దురాశాపరులని నేననను. జీవితమంతయు కార్యాలయములో గడపి, చివరకు నాలుగు చెట్లనీడ కోరుకొను మనుష్యుని నిందించుటకు నోరు రాదు. అయితే సత్తువ యనునది గోడవంటిది కాదు, ఉట్టిలో కడవవంటిది. చేయి తప్పిన పగులును. కొత్త యజమాని ఒక్క పైరుకు యూరియా చల్లినచో ధ్రువపత్రపు లెక్క మరల మొదటికి వచ్చును. ఆ పత్రము సాగుచేయువాని పద్ధతికి ఇచ్చినది గాని, మట్టికి శాశ్వతముగా వేసిన ముద్ర కాదు. ఈ సంగతి తెలియక హెచ్చుధర ఇచ్చి కొనువాడు మోసపోయినవాడే. తెలిసియు పొలమును ముక్కలు ముక్కలుగా గుంటల లెక్కన అమ్మువాడు మోసము చేసినవాడే. 121 చదరపు గజముల గుంటకు కంచె వేయవచ్చును. అంత జాగాలో ఆవును మేపి, ఎరువు కూర్చి, పైరు మార్చి వ్యవసాయము చేయుట కల్ల.

నేలలో మిగిలిన ఎరువుకు వెల కట్టుట అసాధ్యమని కొందరందురు. ఇది తెలియక అను మాట. ఇంగ్లండులో 1875లో చేసిన వ్యవసాయ కమతముల చట్టము, వదలిపోవు కౌలుదారుడు నేలకు చేసిన మేలునకు పరిహారము పొందవచ్చునన్నది. కాని యజమానులు ఒప్పందములలో దానిని త్రోసివేయుటకు వీలుండెను. 1883 నాటి చట్టము ఆ వీలును తొలగించి పరిహారమును తప్పనిసరి చేసినది. కొని తెచ్చి వేసిన ఎరువులో ఖర్చుగాక మిగిలినది కూడ ఆ లెక్కలోనికి వచ్చెను. రోథంస్టెడ్ పరిశోధనా క్షేత్రమున లాస్, గిల్బర్ట్ అను శాస్త్రజ్ఞులు ఏ దాణా తిన్న పశువు ఎరువు ఎన్ని యేండ్లు ఎంత విలువ నిలుపుకొనునో పట్టికలు వేసి చూపిరి. నూటనలువదేండ్ల క్రిందట అక్కడ సాధ్యమైనది, భూసార పరీక్షాశాలలున్న నేడు మనకు అసాధ్యమెట్లగును?

మన క్రయ శాసనములోనే ఒక వింత కలదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము, కొనువానికి తెలియని ముఖ్యమైన లోపము ఆస్తిలో ఉన్నచో అమ్మువాడు దానిని చెప్పితీరవలెను. లోపమును చెప్పుటకు విధి కలదు. గుణమును నిరూపించుటకు మాత్రము దస్తావేజులో ఒక గడియైనను లేదు. మద్రాసు రాష్ట్రపు రైత్వారీ బందోబస్తులో శిస్తు కొరకైనను అధికారులు మట్టిని చేతబట్టి, రేగడయో ఎర్రనేలయో చూచి తరములు నిర్ణయించిరి. శిస్తు వసూలుకు పనికివచ్చిన మట్టి పరీక్ష శ్రమఫలమును గుర్తించుటకు పనికిరాదా?

కావున నేను కోరునవి మూడు. సేంద్రియమని చెప్పి పొలము అమ్మునప్పుడు, గడచిన మూడేండ్ల భూసార పరీక్షా ఫలితములను, వేసిన పైరుల, ఎరువుల వివరములను దస్తావేజునకు అనుబంధముగా చేర్చవలెను. సేంద్రియ సేద్యమునకు ఇచ్చు కౌలు పరివర్తన కాలమునకు తక్కువ గాకుండ వ్రాతమూలకముగా ఉండవలెను. ఆ నడుమ పొలము అమ్ముడుపోయినచో, పెరిగిన సత్తువకు వెలకట్టి, ఆ సొమ్మును అమ్మకపు ధరలో నుండి సాగుచేసినవానికి ముందుగా చెల్లింపవలెను. ఇది దయ కాదు, బాకీ.

చట్టము ఒక్కటే చాలదనియు ఎరుగుదును. హద్దురాయి మందుగాలిని ఆపలేదు, కాలువనీటిని ఆపలేదు. జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలములోని ఏనెబావి చిన్న ఊరు. 2006లో ఆ ఊరివారందరు కలిసి రసాయనములు విడిచినట్లు ప్రకటించుకొనిరి. అక్కడ ఏ ఒక్కని పొలమును విడిగా సేంద్రియము కాదు; ఊరే సేంద్రియము. జహీరాబాదు ప్రాంతపు దళిత మహిళలు సంఘములుగా ఏర్పడి, బీడుపడిన చెలకలను చిరుధాన్యములతోను తమ యింటి విత్తనములతోను మరల పంటకు తెచ్చిరి. ఇట్టి పొలములలోని అసలు విలువ ఇరుగుపొరుగుల ఒప్పుదలలో ఉన్నది. ఒక కంచె వేసి దానిని లోపల బంధింపజాలము. ఒక సంతకముతో కొనజాలము.

ఉపాధ్యాయులకు ఒక మనవి. మన పాఠ్యపుస్తకములలో రైతును పొగడు పాఠములు కొరవడలేదు. పొగడ్తతోపాటు లెక్కయు నేర్పుడు. ఊరిలో ఎవరి యింటనైన పాత క్రయపత్రము దొరికినచో పిల్లలచేత చదివింపుడు. అష్టభోగముల అర్థము చెప్పింపుడు. పిదప వారిని ఒక పొలమునకు కొనిపోయి గడ్డపారెడు మట్టి తీయించి, అందులో వానపాములెన్నో లెక్కింపుమనుడు. చివరకు ఆ పొలము ఎవరిదని కాక, ఆ మట్టిని అట్లు చేసినవారెవరని అడుగుడు. ఆ ప్రశ్నకు ఊరిలో అందరికి సమాధానము తెలియును. దస్తావేజు వ్రాయునప్పుడు మాత్రము దానిని ఎవరును అడుగరు.