కార్డునకు వెనుకవైపు

ఖైబరు కనుమ యనగానే మనకు మొండికొండలు, ఒంటెల బారు, భుజమున తుపాకి దాల్చిన పఠాను స్ఫురించును. ఈ దృశ్యమును లోకమెల్ల వ్యాపింపజేసినవానిలో బొమ్మల పోస్టుకార్డులు ముఖ్యములు. 1901లో వాయవ్య సరిహద్దు రాష్ట్ర మేర్పడిన పిమ్మట పెషావరు, లండీకోటల్ దండులలోని ఆంగ్ల సైనికులు వీనిని కొని ఇండ్లకు పంపుచుండెడివారు. పెషావరులో రాండాల్ఫ్ హోమ్స్, మేలారామ్ అండ్ సన్స్ వంటి ఛాయాచిత్రకారుల దుకాణములు వెలసెను. హరిసింగ్ నల్వా 1836లో కట్టించిన జమ్రూద్ కోట, అలీమసీదు వద్ది ఇరుకుదారి, 34 సొరంగములను దాటి 1925లో లండీకోటల్ చేరిన రైలుమార్గము, అన్నియు కార్డులకెక్కినవి. ఆ రాష్ట్రము నేడు పాకిస్తానులో ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా యను పేర నున్నది. కార్డులు మాత్రము దేశదేశముల సేకరించువారి పెట్టెలలో నున్నవి.

ఇట్టి సేకరణము పిల్లల యాట యని నేననను. చరిత్ర బోధించువారికిది చక్కని సాధనము. కాని కార్డులను జిగురుతో ఆల్బమున కంటించువారిని చూచినపుడు నాకు కష్టము కలుగును. వెనుకవైపున తపాలాముద్ర, తేదీ, పెన్సిలుతో గీకిన నాలుగు మాటలు ఉండును. అవి జిగురుపాలైన పిదప మిగులునది బొమ్మ మాత్రమే. తేదీ లేని కార్డు వయస్సును గూడ తరచు వెనుకవైపే పట్టియిచ్చును. తొలినాళ్లలో ఆ వైపు చిరునామాకు మాత్రమే ఉద్దేశింపబడినది. వ్రాయువాడు తన మాటలను బొమ్మ ప్రక్కనున్న ఖాళీలో ఇరికించుకొనవలసి వచ్చెడిది. 1902లో బ్రిటనులో వెనుకవైపును రెండు భాగములు చేసి, ఒకదానిలో జాబు వ్రాయుట కనుమతించిరి. క్రమముగా తక్కిన దేశములును ఆ దారి త్రొక్కినవి. నడుమ నిలువుగీత ఉన్నదా లేదా యని చూచి కాలము నూహించుట పదేండ్ల బాలునికిని సాధ్యమే.

ముందువైపు చెప్పనిదియు కలదు. కోటకు పేరుండును, కనుమకు పేరుండును, పటాలమునకు పేరుండును. ఎదుట నిలుచున్న మనుష్యుని క్రింద మాత్రము సాధారణముగ 'అఫ్రీదీ' యనియో 'పఠాను' అనియో ఉండును. అతడెవరి కొడుకో, ఏ యూరివాడో తెలుపవలెనని అచ్చువేసినవారికి తోచలేదు.

కిస్సాఖ్వానీ బజారు కార్డులను చూడుడు. కథలు చెప్పువారి బజారని ఆ పేరున కర్థము. బొమ్మలో దుకాణములు, టాంగాలు, తలపాగాల గుంపు. 1930 ఏప్రిల్ 23న నాయకుల నిర్బంధమునకు నిరసనగా అచ్చట చేరిన నిరాయుధులపై సైన్యము కాల్పులు జరిపినది, అనేకులు మరణించిరి. ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ అనుచరులగు ఖుదాయీ ఖిద్మత్‌గారులు వారిలో నుండిరి. ఆ దినములలోనే చంద్రసింగ్ మొదలగు గఢ్వాలీ సైనికులు ప్రజలపై తుపాకి యెత్త నిరాకరించి శిక్షల పాలైరి. అదే బజారు బొమ్మ 1912లో పంపినదైన నొక సంగతి. 1930 మే మాసపు ముద్ర గలదైన మరియొక సంగతి. ఆ రెండవదాని వెనుక పంపినవాడేమి వ్రాసెనో, ఏమి వ్రాయక మానెనో, అదియే విద్యార్థులచే చదివింపదగిన పాఠము. జిగురు దానినే మ్రింగివేయును.

కార్డు మూలలను పట్టియుంచు కాగితపు ముక్కలు చౌకగనే దొరకును. ఇక కంప్యూటరులో ప్రతులు తీసి దాచు మహాశయులలో గూడ కొందరు ముందువైపు తీసి తృప్తి చెందుచున్నారు. కార్డును త్రిప్పి వేయుటకెంత శ్రమ?