మాట నేర్పు సభ

ప్రసంగకళ పుట్టుకతో వచ్చునని పలువురు తలంతురు. కాని నీటిలో దిగక ఈత రానట్లే, సభలో నిలువక మాట రాదు. 1924లో అమెరికాలోని శాంటా ఆనా పట్టణమున రాల్ఫ్ స్మెడ్లీ స్థాపించిన టోస్ట్‌మాస్టర్స్ సంఘము ఈ సత్యముపైననే నిలిచినది. నేడు హైదరాబాదు మొదలగు నగరములందును అట్టి సంఘములు కలవు.

వారపు సమావేశమున కొందరు సిద్ధపడి వచ్చి, ఒక్కొక్కరు 5 మొదలు 7 నిమిషముల వరకు ప్రసంగింతురు. మరికొందరు అప్పటికప్పుడు ఒసగిన విషయముపై 1 లేక 2 నిమిషములు మాటలాడుదురు. ఆకుపచ్చ, పసుపు, ఎఱ్ఱ దీపములు కాలమును సూచించును. పిదప ఒక సభ్యుడు లేచి, ప్రసంగములోని గుణదోషములను మృదువుగా వివరించును.

ఆ సభకు ప్రాణము ఈ విమర్శయే. చప్పట్లు మాత్రమే విన్న వక్త ఎదుగడు. ఎగతాళి మాత్రమే విన్నవాడు మరల నోరు విప్పడు. తరగతిలో తడబడిన బాలుని జూచి తోడివారు నవ్విరేని, ఆతడు పెద్దవాడైన పిదప గ్రామసభలో తన వీధికి నీరు కావలెనని అడుగుటకు సైతము జంకును. అప్పుడు నష్టము వానికే కాదు, వీధికంతటికిని.

కావున మాట నేర్పు సభ మొదట వినుట నేర్పవలెను. ప్రతి పాఠశాలయందును వారమునకు ఒక గంట ఇట్టి సభ జరుగుట మేలు. తడబడినవానిని ఆదరముతో విని, తప్పును మెల్లగా దిద్దు విద్యార్థియు వక్తతో సమానముగా గౌరవింపదగినవాడు.