పాతబస్తీ మెట్రో: చెక్కు మీద పేరు లేనివారి మాటేమిటి?

పాతబస్తీకి మెట్రో రావాలి. ఈ మాట మొదటే చెప్పడం అవసరం. ఎందుకంటే నష్టపరిహారం గురించో, మస్జిదుల గురించో మనం నోరు విప్పగానే 'వీరికి అభివృద్ధి అక్కర్లేదు' అనే నింద సిద్ధంగా వుంటుంది. నిజానికి ఆ రైలు అవసరం మనకే ఎక్కువ. చాంద్రాయణగుట్ట నుంచి, షంషీర్‌గంజ్ నుంచి బస్సులు మారుతూ అమీర్‌పేటలో చదువుకు, హైటెక్ సిటీలో కొలువుకు పోయే పిల్లలు మన ఇళ్ళలోనే వున్నారు. దూరమని, చీకటి పడుతుందని ఉద్యోగం మానేసిన ఆడపిల్లలూ వున్నారు.

2010 సెప్టెంబరులో నిర్మాణ ఒప్పందం కుదిరినప్పుడు జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా వరకు సాగే మార్గం మొదటి దశలోనే వుంది. 2017 నవంబరులో మెట్రో నడక మొదలుపెట్టింది. 2019 నాటికి రాయదుర్గం చేరింది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి బయలుదేరిన రైలు మాత్రం మూసీ ఒడ్డున, మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దగ్గర ఆగిపోయింది. 69 కిలోమీటర్లు పూర్తయ్యాయి. మిగిలిపోయిన అయిదున్నర కిలోమీటర్లు మనవి. రోడ్డు ఇరుకన్నారు, ప్రార్థనా స్థలాలు అడ్డమన్నారు. మార్గం మార్చమని అడిగినవారు మన నాయకులలోనూ వున్నారు, ఆ సంగతి దాచనక్కరలేదు. కానీ సుల్తాన్ బజార్ వ్యాపారులు ఏళ్ళ తరబడి ఆందోళన చేసినా అక్కడ రైలుకు దారి దొరికింది కదా!

చివరకు 2024 మార్చి 8న ఫారూఖ్‌నగర్‌లో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. అప్పటికి మొదటి దశలోని మన మార్గం రెండవ దశలోకి జారిపోయింది. మొత్తం 76.4 కిలోమీటర్ల రెండవ దశలో చాంద్రాయణగుట్ట వరకు మన వంతు 7.5 కిలోమీటర్లు, అంచనా వ్యయం 2,741 కోట్లు. ఆ నివేదికలు 2024 నవంబరులో కేంద్రానికి వెళ్ళాయి. కేంద్రం ఆమోదం ఇంకా రావలసే వుంది. ఈలోగా భూసేకరణ మాత్రం ఆగలేదు. సుమారు 1,100 ఆస్తులు ప్రభావితమవుతాయని ప్రకటించారు, చదరపు గజానికి 81,000 రూపాయలు ధర కట్టారు. 2025 జనవరి నుంచి చెక్కులు ఇస్తున్నారు, గోడలు కూలుస్తున్నారు.

ధర చాలునా చాలదా అన్న చర్చ యజమానులు చేసుకోగలరు. వారి చేతిలో పత్రాలున్నాయి, మాట్లాడడానికి వకీళ్ళున్నారు. మా ఆందోళన చెక్కు మీద పేరు లేనివారి గురించి.

దారుల్‌షిఫా నుంచి శాలిబండా మీదుగా అలియాబాద్ వరకు ఆ రోడ్డు వెంబడి నడిచి చూడండి. మల్గీ ఒకరిది, అందులో బతుకు మరొకరిది. దర్జీ, గడియారాల మరమ్మతుదారు, ఛాయ్‌ఖానా నడిపేవారు, వారి దగ్గర పనిచేసే కుర్రవాళ్ళు. తండ్రి కాలంలో పగిడీ ఇచ్చి తీసుకున్న దుకాణం, నెలనెలా చేతికి చేయి ఇచ్చే కిరాయి. ఒప్పందం కాగితం మీద లేదు. వున్నా ఎప్పుడో గడువు తీరింది. యజమాని సమ్మతి పత్రం మీద సంతకం చేసి చెక్కు తీసుకున్న రోజున, ముప్పై ఏళ్ళ గిరాకీ వున్న దుకాణదారు వట్టి చేతులతో రోడ్డు మీద నిలబడతాడు.

చట్టం ఇతణ్ణి మరచిపోలేదు. 2013 భూసేకరణ చట్టం 'ప్రభావిత కుటుంబం' అంటే యజమాని ఒక్కడే అనలేదు. సేకరణకు ముందు మూడేళ్ళుగా అక్కడి పని మీద జీవనాధారం వున్న కిరాయిదారులను, చేతిపనివారిని, పట్టణ ప్రాంతంలో జీవనోపాధి కోల్పోయేవారిని ఆ నిర్వచనంలో చేర్చింది. నిర్వాసితులయ్యే చేతిపనివారికి, చిరు వ్యాపారులకు ఒకేసారి 25,000 రూపాయలకు తగ్గకుండా సహాయం ఇవ్వాలని రెండవ షెడ్యూలులో వ్రాసింది. పగిడీ సొమ్ముతో పోలిస్తే అది ఏపాటి? అయినా అది కనీసం మాత్రమే; ప్రభుత్వం తలచుకుంటే పెంచవచ్చు. యజమాని ఇష్టపడి ఇచ్చాడు గనుక కిరాయిదారు కూడా ఇష్టపడి ఖాళీ చేసినట్టే అనే వాదన వినిపిస్తే దానిని ఒప్పుకోకూడదు. ఒకరి సమ్మతి మరొకరి సమ్మతి కాదు.

ఇక ఇంటి లోపలి మాట. ఇది ప్రభుత్వాన్ని అడిగేది కాదు, మనలను మనం అడగవలసినది. పాతబస్తీలో ఎన్నో ఆస్తులు తాతల పేరిటే వున్నాయి. విరాసత్ పంపకం కాలేదు, హిబా నోటిమాటగా జరిగింది. చెక్కు వచ్చే వేళకు పెద్దన్న పేరు ముందుకు వస్తుంది, అక్కచెల్లెళ్ళ చేత 'మాకు అభ్యంతరం లేదు' అని సంతకం పెట్టిస్తారు. పెళ్ళిలో ఇచ్చాం కదా అంటారు. పెళ్ళిలో ఇచ్చినది విరాసత్ కాదని మనందరికీ తెలుసు. షరీఅత్ పరిరక్షణ కోసం సభలు పెట్టే మనం, ఆ షరీఅత్ ఆడబిడ్డకు నిర్ణయించిన హిస్సాను చదరపు గజాల లెక్కలో మింగివేయడం ఏ న్యాయం? వాటాల మీద వివాదం వుంటే దానిని విచారణకు పంపే అధికారం చట్టం 76వ సెక్షన్ కలెక్టరుకు ఇచ్చింది. ఏ చెల్లెలూ అక్కడిదాకా పోవలసిన పరిస్థితి రాకూడదు.

వక్ఫ్ విషయంలో ఒక్క మాట. సేకరణలో వున్నది వక్ఫ్ ఆస్తి అని తెలిస్తే బోర్డుకు నోటీసు ఇచ్చి, దాని వాదన వినడానికి వీలు కల్పించాలని వక్ఫ్ చట్టం 91వ సెక్షన్ చెబుతున్నది. మస్జిదులను, ఆషూర్‌ఖానాలను తప్పించేలా స్తంభాల స్థానాలు సర్దుతామన్న హామీ మంచిదే. ఈ నగరానికి రూపురేఖలు దిద్దిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ నిదురించే దాయిరా ఈ దారికి చేరువలోనే వున్నది. అయితే మస్జిదు నిలిచి, దాని ఖర్చు భరించే వక్ఫ్ మల్గీలు పోతే ఇమాము జీతం ఎక్కడి నుంచి వస్తుంది? ఆ మల్గీల పరిహారం ఏ ఖాతాలో చేరిందో బోర్డు బహిరంగంగా ప్రకటించాలి.

ప్రభుత్వాన్ని మేము కోరేది ఇది: ఈ మార్గంలోని ప్రతి దుకాణంలో ఎవరు పనిచేస్తున్నారో లెక్క తీసి, జాబితాను ఆయా మొహల్లాలలో తెలుగులోనూ ఉర్దూలోనూ అంటించాలి. ఆ లెక్క తేలేవరకు కిరాయిదారులను ఖాళీ చేయించకూడదు. కేంద్రం ఆమోదమే రాని పనికి ఇన్నాళ్ళు ఆగినవారు మరికొన్ని వారాలు ఆగలేరా?

మనవైపు పని కూడా వున్నది. దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపిన అనుభవంతో చెబుతున్నాము: నోటితో చెప్పిన బాధ ఫైలులోకి ఎక్కదు. కిరాయి రసీదులు, దుకాణం పేర కరెంటు బిల్లులు, ట్రేడ్ లైసెన్సు, దుకాణం చిరునామాతో వున్న బ్యాంకు కాగితం - మూడేళ్ళకు ముందు నుంచీ వున్నవి ఏవి దొరికినా నకళ్ళు తీయించండి. దరఖాస్తు రెండు ప్రతులు వ్రాసి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా కార్యాలయం మెట్లు దిగకండి. మస్జిదు కమిటీలు జుమా తరువాత ఒక అరగంట ఈ పనికి కేటాయిస్తే, చదువురాని దుకాణదారుల కాగితాలు మన విద్యార్థులే సరిచూడగలరు. కిరాయిదారులకు ఒకటి, వారసులైన మహిళలకు ఒకటి, రెండు దరఖాస్తు నమూనాలు వచ్చే సంచికలో ప్రచురిస్తాము.