కుళాయికి ఎన్ని అడుగులు?

కొత్తగా తెరిచిన చిన్న శిశు సంరక్షణ కేంద్రాల్లో తరచుగా కనిపించే దృశ్యం ఇది. గోడల నిండా ఏనుగులు, సీతాకోకచిలుకలు. ఓ మూల నడుమెత్తు బల్ల, దానిమీద మెత్తటి పరుపు. పసిపిల్లల డైపర్లు, గుడ్డలు మార్చే చోటు అదేనని నిర్వాహకులు ముచ్చటగా చూపిస్తారు. చేతులు కడుక్కునేది ఎక్కడ అని అడిగితే మాత్రం ఆయా తలుపు తీసి, వరండా చివరన ఉన్న బాత్‌రూమ్ వైపు చెయ్యి చాపుతుంది. లేదంటే పాలు కాచే వంటగది సింక్‌ను చూపిస్తుంది.

బల్ల కొనడం తేలిక. ఫొటోలో బాగా పడుతుంది. కుళాయి వేయించాలంటే గోడ తవ్వాలి, మురుగునీటికి దారి చూడాలి. అందుకే బల్ల ముందు వస్తుంది, కుళాయి ఎప్పటికో వస్తుంది. విజ్ఞానశాస్త్రం చెప్పే వరస దీనికి సరిగ్గా తలకిందులు.

ఈ అవసరాన్ని మన చట్టాలు కొత్తగా గుర్తించిందేమీ కాదు. పసిపిల్లల బట్టలు ఉతకడానికి, మార్చడానికి తగిన వసతి ఉండాలని నియమాలు చేసే వీలు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షన్‌లోనే ఉండేది. ఉతకడం, మార్చడం రెండింటినీ ఒకే వాక్యంలో చేర్చిన ఆ ముసాయిదా రచయితల ముందుచూపు మెచ్చుకోదగ్గది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ వసతి కల్పించాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి సవరణ వచ్చింది. కేంద్ర ప్రభుత్వ పాల్నా పథకం కింద అంగన్‌వాడీలకు అనుబంధంగానూ క్రెష్‌లు వస్తున్నాయి. అంటే ఒకే గదిలో ఎనిమిది పది మంది పసిపిల్లలు రోజంతా గడిపే చోట్లు పెరుగుతున్నాయి. ఇంట్లో ఒక బిడ్డ విషయంలో చెల్లిపోయే అశ్రద్ధ అక్కడ చెల్లదు.

ఎందుకో తెలియాలంటే రోటా వైరస్‌ను చూడాలి. ఇది సోకిన బిడ్డ ఒక గ్రాము మలంలో 1000 కోట్లకు పైగా వైరస్ కణాలు ఉండగలవు. మరో బిడ్డకు సోకడానికి కొన్ని పదుల కణాలు చాలు. గోరు సందులో కంటికి కనిపించనంత మిగిలినా, ఆ లెక్కలో అది కొద్దిగా కాదు. ‘పాలు తాగే పిల్లల దొడ్డికి దోషం లేదు’ అనే నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉంది. దీనికి జవాబు మన దేశ చరిత్రలోనే దొరుకుతుంది. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఏ జబ్బు లక్షణాలూ లేని నవజాత శిశువుల్లో రోటా వైరస్ రకం ఒకటి బయటపడింది. 116ఈ అనే ఆ రకం నుంచే తర్వాత రోటావాక్ టీకా తయారైంది. దాన్ని ఉత్పత్తి చేసింది హైదరాబాద్ సంస్థ భారత్ బయోటెక్. 2016లో రోటా టీకాను సార్వత్రిక టీకా కార్యక్రమంలో తొలి విడతగా చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ కథలో టీకా సంగతి అందరికీ తెలుసు. నవ్వుతూ ఆడుకునే బిడ్డ డైపర్‌లోనూ వైరస్ ఉండవచ్చన్న సంగతి మాత్రం క్రెష్‌ల దాకా చేరలేదు.

ఇప్పుడు ఆయా చేతి వెంట వెళ్దాం. తడిసిన డైపర్ విప్పింది. కొత్తది బీరువాలో ఉంది, పిడి పట్టుకుంది. చెత్తబుట్ట మూత ఎత్తింది. తలుపు గడియ తీసింది. కుళాయి తిప్పింది. కడుక్కున్నాక అదే కుళాయిని కట్టింది, అదే గడియను మళ్లీ పట్టుకుంది. సబ్బు ఎంత మంచిదైనా ఈ ప్రయాణాన్ని గెలవలేదు. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. పసిబిడ్డను ఒక్క క్షణం కూడా వదిలి వెళ్లకూడదన్నది ఒక నియమం. డైపర్ మార్చిన వెంటనే చేతులు కడుక్కోవాలన్నది మరో నియమం. కుళాయి వరండా చివర ఉంటే ఈ రెండింటిలో ఒకటి రోజూ తప్పాల్సిందే. ఆయా బిడ్డను వదిలి వెళ్లాలి, లేదా మురికి చేతులతోనే బిడ్డను ఎత్తుకోవాలి. ఆమెకు ఎన్ని శిక్షణలిచ్చినా, గోడకు ఎన్ని పోస్టర్లు అంటించినా ఆ దూరం తగ్గదు. తప్పు ఆమెది కాదు, గది నక్షాది.

శానిటైజర్ సీసా ఉందిగా అంటారు. కోవిడ్ తర్వాత అది ప్రతి గోడకూ ఎక్కింది. ఆల్కహాల్ చాలా క్రిములను చంపుతుంది, అందులో సందేహం లేదు. కానీ నోరో వైరస్ లాంటి, కొవ్వు పొర లేని కొన్ని వైరస్‌ల మీద దాని బలం తక్కువ. చేతికి మలం అంటుకుని ఉంటే అసలు పని చేయాల్సిన చోటికే అది చేరదు. సబ్బు పద్ధతి వేరు. అది క్రిమిని చంపినా చంపకపోయినా, చర్మం మీది జిడ్డు పట్టు విడిపిస్తుంది, రాపిడి ఊడదీస్తుంది, పారే నీరు తీసుకుపోతుంది. పారే నీరు అన్నది ముఖ్యం. ఒకే బేసిన్‌లో నలుగురు చేతులు ముంచితే అది కడగడం కాదు, పంచుకోవడం.

ఇక బల్ల సంగతి. నడుమెత్తు బల్ల అంటే సుమారు 90 సెంటీమీటర్లు. అక్కడి నుంచి జారిన బిడ్డ నేలను చేరడానికి పట్టే సమయం 0.43 సెకను. నేలను తాకేటప్పటి వేగం సెకనుకు 4.2 మీటర్లు, అంటే గంటకు 15 కిలోమీటర్లు. కళ్లెదుట జరిగే మార్పుకు మనిషి స్పందించడం మొదలుపెట్టడానికే దాదాపు 0.2 సెకను కావాలి. ఆయా మొహం చెత్తబుట్ట వైపు ఉంటే లెక్క అక్కడితో ముగిసింది. నేల గట్టిదైతే దెబ్బ ఇంకా పెద్దది. ఆ వేగం 3 సెంటీమీటర్ల మెత్తటి పరుపులో ఆగితే గురుత్వ త్వరణానికి 30 రెట్ల కుదుపు. బండల నేల మీద 3 మిల్లీమీటర్లలోనే ఆగిందనుకుంటే 300 రెట్లు. చాలా కేంద్రాల్లో పరుపు బల్ల మీద ఉంటుంది, కింద మాత్రం నున్నటి టైల్స్!

మన అమ్మమ్మలు పీట మీద కూర్చుని, కాళ్లు బారచాపి, వాటిమీద బిడ్డను పడుకోబెట్టి నీళ్లు పోసేవారు. ఆ పాత పద్ధతిలో అన్నీ మంచివే అని చెప్పలేం; చెవుల్లో, ముక్కులో నూనె పోయడం లాంటివి మానేయడమే మేలు. అయితే ఆ కూర్చునే తీరులో గట్టి ఇంజినీరింగ్ ఉంది. బిడ్డ పడేందుకు ఎత్తే లేదు. నీళ్లు, గుడ్డలు, సున్నిపిండి అన్నీ ముందే చేతికందేలా సర్దుకునేవారు, మధ్యలో లేచేవారు కాదు. క్రెష్‌లో జానెడు ఎత్తు గట్టు వేసి, మూడు వైపులా అంచు కట్టి, ఆయా పీట మీద కూర్చుని పని చేస్తే పడే బిడ్డ మీది శక్తి నడుమెత్తు బల్లతో పోలిస్తే నాలుగో వంతుకు పడిపోతుంది.

ఇక్కడ ఆయా మోకాళ్లను మరచిపోతే అన్యాయం. ఎనిమిది మంది పిల్లలకు రోజుకు నాలుగుసార్లు అంటే 32 సార్లు కింద కూర్చుని లేవాలి. యాభై దాటిన మనిషికి అది శిక్షే. అలాంటిచోట మూరెడు ఎత్తు గట్టు, పక్కన స్టూలు మంచి రాజీ. శక్తి సగానికి తగ్గుతుంది, నడుము వంచక్కర్లేదు. ఏ ఎత్తు పెట్టాలో గుత్తేదారు కాదు, రోజూ ఆ పని చేసే మనిషి తేల్చాలి.

గట్టు నేరుగా ఫ్యాన్ కిందో, ఏసీ గాలి తగిలేచోటో ఉండకూడదు. బరువుతో పోలిస్తే పసిబిడ్డ చర్మ వైశాల్యం పెద్దలకన్నా చాలా ఎక్కువ, వేడి త్వరగా పోతుంది. తుడిచీ తుడవని ఒంటి మీద ఒక టీస్పూను నీరు ఆవిరైందనుకోండి. దానికి దాదాపు 12 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ వేడంతా ఒంటి నుంచే పోయి, శరీరం దాన్ని పూడ్చుకోకపోతే 5 కిలోల బిడ్డ ఉష్ణోగ్రత 0.7 డిగ్రీ దాకా పడిపోతుంది. నిజానికి శరీరం పూడ్చుకుంటుంది, కానీ ఊరికే కాదు.

ఒకే గది, ఒకే కుళాయి, అదీ వంట దగ్గరే ఉన్న అంగన్‌వాడీ ఏం చేయాలి? వంట సింక్‌ను రెండు పనులకూ వాడటం అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. దానికన్నా అడుగున కుళాయి బిగించిన ప్లాస్టిక్ డ్రమ్మును స్టూలు మీద, గట్టుకు చేతికందేంత దూరంలో పెట్టడం నయం. కింద ఒక బకెట్, తాడుకు కట్టిన సబ్బు. ఒక్కో కడుగుడుకు లీటరు వేసుకున్నా 32 సార్లకు 32 లీటర్లు. తిప్పే కుళాయి బదులు మోచేత్తో నొక్కే రకం దొరికితే ఇంకా మంచిది. చెత్తబుట్ట కూడా అంతే, కాలితో నొక్కితే మూత లేచేది కావాలి.

పరుపు తొడుగు కుట్లు, పగుళ్లు లేని రెక్సిన్‌ది అయ్యుండాలి, ఒక్కో బిడ్డకు దానిమీద వేరే గుడ్డ పరవాలి. మురికి ఉండగానే బ్లీచింగ్ నీళ్లు పోయడం వృథా. క్లోరిన్ ఆ మురికితోనే ఖర్చయిపోతుంది, క్రిములకు మిగలదు. ముందు సబ్బునీళ్లతో కడిగి, ఆ తర్వాతే బ్లీచింగ్. ఆ డబ్బా పిల్లలకు అందని ఎత్తులో ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

కొత్త అంగన్‌వాడీ భవనాలకు, ఆఫీసు క్రెష్‌లకు నక్షాలు గీసేవారు గుడ్డలు మార్చే చోటును ‘ఫర్నిచర్’ జాబితాలో చేరుస్తున్నారు. అది చేరాల్సింది ప్లంబింగ్ జాబితాలో. బల్లను ఎప్పుడైనా ఇటునుంచి అటు జరపవచ్చు. గోడలో పైపు ఎక్కడ రావాలో ప్లాస్టరింగ్‌కు ముందే ఎవరో ఒకరు ఆయాను అడగాలి.